రాత్రి రెండు పెగ్గులు వేస్తేనే కాళ్లు వదులవుతున్నాయంటున్న తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. వయసు 36, ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, మెదడు, వెన్నులోని నరాలను దెబ్బతీసే జబ్బు) అని తేలి నాలుగేళ్లయింది, దాన్ని అదుపులో ఉంచే డైమిథైల్ ఫ్యూమరేట్ 240 ఎంజీ రోజుకు రెండుసార్లు వేసుకుంటున్నావు. పగలు ఎలాగో గడిచిపోతుంది కానీ రాత్రి పడుకోగానే పిక్కలు రాయిలా బిగుసుకుపోతున్నాయి, కాళ్లు వాటంతట అవే ఎగిరిపడుతున్నాయి, కుడి పాదంలో మంట. డాక్టర్ గారు కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ రాస్తే మత్తుగా, కాళ్లలో సత్తువ లేనట్టుగా అనిపించి వారానికే ఆపేశావు. ఆరు నెలలుగా రాత్రి భోజనం దగ్గర రెండు లార్జ్ పెగ్గులు విస్కీ వేస్తున్నావు, అరగంటలో కాళ్లు వదులై నిద్ర పడుతోంది. డాక్టర్‌కి చెప్పలేదు, మీ ఆవిడ రోజూ గొడవ పడుతోంది, మొన్న తెల్లవారుజామున బాత్‌రూమ్‌లో జారిపడ్డావు. "అన్నా, ట్యాబ్లెట్ల కన్నా ఇదే బాగా పనిచేస్తోంది, మితంగా వాడుకుంటే తప్పేంటి?" అని అడిగావు.

మన భాషలో రెండింటినీ మందు అనే అంటాం కాబట్టి అయోమయం లేకుండా, ఇక్కడ మందు అంటే డాక్టర్ రాసిందే. రెండోదాన్ని పెగ్గు అంటాను.

నీ కాళ్లు వదులవుతున్న మాట నిజం. అది భ్రమ కాదు, తాగడానికి సాకు కూడా కాదు. మీ ఆవిడ అలా అనుకుంటోందేమో కానీ నేను అనుకోను. నేను విజయవాడలో హాస్పిటల్ ఫార్మసీలో పనిచేస్తాను, 2009లో కుడి కన్ను మసకబారి ఆ తర్వాత ఎంఆర్ఐలో ఎంఎస్ అని తేలింది. 2013లో, 2014లో దాదాపు రెండేళ్లు నేనూ సరిగ్గా నువ్వు చేస్తున్నదే చేశాను. ఏ మందుకు ఏది పడదో రోజూ పదిమందికి చెప్పే ఉద్యోగంలో ఉండి కూడా చేశాను. అందుకే ఇంత పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు అది ఎందుకు పనిచేస్తుందో చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తేనే ఎక్కడ దెబ్బతీస్తుందో అర్థమవుతుంది. మామూలు మనిషికి కండరం బిగుసుకోవాలా వదలాలా అన్నది మెదడు వెన్నుపూస లోపలి నరాల ద్వారా ఎప్పటికప్పుడు అదుపు చేస్తూ ఉంటుంది. మనకు ఆ నరాల మీది మైలిన్ పొర అక్కడక్కడా ఊడిపోయింది, అందుకని కింద ఉన్న నరాలకు పైనుంచి అదుపు తగ్గిపోయి చిన్న కదలికకు కూడా కండరం గట్టిగా బిగుసుకుంటుంది. డాక్టర్లు స్పాస్టిసిటీ అనేది దీన్నే. నరాలను నెమ్మదింపజేసే రసాయనం ఒకటుంది, పేరు గాబా. బండికి బ్రేకు ఎలాగో నరాలకు అది అలాగ. ఆల్కహాల్ ఆ గాబా బ్రేకుని గట్టిగా నొక్కుతుంది, దాంతోపాటు నరాలను రెచ్చగొట్టే గ్లుటమేట్‌ని అణిచిపెడుతుంది. బాక్లోఫెన్ కూడా గాబా మీదే పనిచేస్తుంది, కాకపోతే వేరే గ్రాహకం మీద, ముఖ్యంగా వెన్నులో. అంటే నువ్వు తెలియకుండానే బాక్లోఫెన్ పక్కింటి చుట్టాన్ని గ్లాసులో పోసుకుని తాగుతున్నావు. ఆరు నెలలుగా నీ శరీరం చెబుతున్నది ఒకటే: నీ స్పాస్టిసిటీకి సరైన వైద్యం అందట్లేదు. పెగ్గు గురించి మాట్లాడే ముందు ఈ మాట డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక రెండో సగం. మన విస్కీ సీసాల మీద 42.8 శాతం అని ఉంటుంది చూడు. లార్జ్ అంటే 60 ఎంఎల్, అందులో సుమారు 20 గ్రాముల ఆల్కహాల్. రెండు లార్జ్‌లు అంటే 40 గ్రాములు. లివర్ గంటకు ఏడు నుంచి పది గ్రాములు మాత్రమే కరిగించగలదు, నువ్వు ఎంత తొందరపెట్టినా అంతే. పదింటికి ముగించావనుకో, ఒంట్లోంచి పూర్తిగా పోయేసరికి రెండు, మూడు అవుతుంది. అది పోతూ పోతూ బ్రేకుని ఒక్కసారిగా వదిలేస్తుంది. అప్పటిదాకా అణిగి ఉన్న నరాలు మామూలు కన్నా ఎక్కువ రెచ్చిపోతాయి. గుండె దడ, చెమట, నిద్ర తెగిపోవడం, కాళ్లు మళ్లీ బిగుసుకోవడం. నువ్వు జారిపడ్డది తెల్లవారుజామున అని రాశావు. నేను పడ్డదీ ఆ వేళలోనే, మూడున్నరకి. నాకు ఎడమ మణికట్టు విరిగింది.

మొదటి మూడు గంటల నిద్ర గాఢంగా పడుతుంది, అది గుర్తుంటుంది. తర్వాతి సగం ముక్కలు ముక్కలుగా పోతుంది, అది మనకు లెక్కలోకి రాదు. పొద్దున్నే లేవగానే ఒళ్లంతా బరువు, మధ్యాహ్నానికే నీరసం. దాన్ని మనం ఎంఎస్ ఫాటీగ్ ఖాతాలో వేసేస్తాం. నేను పూర్తిగా మానేసిన రెండో నెలలో మధ్యాహ్నం మూడు దాటాక కూడా కౌంటర్ దగ్గర నిలబడగలిగాను. అప్పటిదాకా ఆ నీరసంలో ఎంత భాగం జబ్బుది, ఎంత భాగం పెగ్గుది అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.

రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావో నువ్వు రాయలేదు కానీ రెండు మూడు సార్లు ఉంటుందని నా అంచనా. మెదడులోంచి వచ్చే ఒక హార్మోన్ కిడ్నీలకు "నీళ్లు పట్టి ఉంచు" అని చెబుతుంది, ఆల్కహాల్ దాని నోరు మూయిస్తుంది. అందుకే తాగిన నీళ్ల కన్నా ఎక్కువ మూత్రం వస్తుంది. మనలో చాలామందికి మూత్రాశయం ముందే మాట వినదు, వచ్చిందంటే ఆగదు. నిండిన మూత్రాశయం కాళ్లు హఠాత్తుగా బిగుసుకునే స్పాజమ్‌ని రెచ్చగొడుతుంది, ఇది చాలామందికి తెలియదు. అంటే కాళ్ల కోసం తాగిన పెగ్గే మూడు గంటల తర్వాత కాళ్లను బిగించి, అదే సమయానికి నిన్ను బాత్‌రూమ్‌కి నడిపిస్తోంది, అదీ బ్యాలెన్స్ సరిగా లేని స్థితిలో, చీకట్లో. నీ జారిపడటం యాదృచ్ఛికం కాదు తమ్ముడూ.

ఇప్పుడు బాక్లోఫెన్ సంగతి. నువ్వు వదిలేసిన మందు నిజానికి నీకు పడని మందు కాకపోవచ్చు. నీకు మొదటే 10 ఎంజీ రోజుకు రెండుసార్లు ఇచ్చారు అని రాశావు. చాలామందికి 5 ఎంజీతో, అదీ రాత్రి పడుకునే ముందు ఒక్కటితో మొదలుపెట్టి, కొన్ని రోజులకోసారి కొంచెం కొంచెం పెంచుతూ పోతే మత్తు అలవాటైపోతుంది. కాళ్లలో సత్తువ పోయినట్టు అనిపించడానికి ఇంకో కారణం ఉంది. బలహీనపడిన కాలుని ఆ బిగుతే నిలబెడుతూ ఉంటుంది, బిగుతు ఒక్కసారిగా తగ్గితే కాలు కుంగిపోతున్నట్టు ఉంటుంది. అందుకే డోసు తక్కువలో ఉంచి, ఫిజియోథెరపీతో బలం పెంచుకుంటూ వెళ్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటి అడుగుతాను, నీకు నువ్వే జవాబు చెప్పుకో: బాక్లోఫెన్ వేసుకున్న ఆ వారం రోజులూ పెగ్గు లేదా? ఉంటే ఆ మత్తు మందుది ఒక్కదానిదే కాదు. రెండూ కలిస్తే ఒకటికి ఒకటి రెండు అవ్వదు, అంతకన్నా ఎక్కువ అవుతుంది, ఊపిరి మందగించే దాకా వెళ్లొచ్చు. క్లోనజిపామ్, డైజిపామ్, ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, వీటన్నిటికీ ఇదే వర్తిస్తుంది. ఈ లిస్టులో ఏ ఒక్కటి వేసుకున్న రాత్రయినా పెగ్గు ముట్టొద్దు. దీనిలో బేరం లేదు. ఇంకో సంగతి, బాక్లోఫెన్ ఎక్కువ కాలం, ఎక్కువ డోసులో వాడాక నీ అంతట నువ్వే ఒక్కసారిగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించొచ్చు. వారం రోజులు తక్కువ డోసు కాబట్టి ఈసారి ఏమీ కాలేదు.

బాక్లోఫెన్ కుదరకపోతే టిజానిడిన్ ఇస్తారు. దాని మీద లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, లివర్ పరీక్షలు చేస్తూ ఉండాలి, ఆల్కహాల్‌తో కలిస్తే రక్తంలో ఆ మందు మోతాదే పెరుగుతుంది. ఇక్కడ నా కౌంటర్ అనుభవం ఒకటి చెప్పాలి. మూత్రంలో మంట అని మెడికల్ షాపుకి వెళ్లి చీటీ లేకుండా సిప్రోఫ్లాక్సాసిన్ కొనుక్కునే అలవాటు మనవాళ్లకు బాగా ఉంది. టిజానిడిన్ వేసుకునే మనిషి సిప్రోఫ్లాక్సాసిన్ అసలు వేసుకోకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఎంఎస్ ఉన్నవాళ్లకు మూత్ర ఇన్‌ఫెక్షన్లు, టిజానిడిన్ రెండూ మామూలే, అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను. నువ్వు వేసుకునే మందుల చీటీ ఒకటి పర్సులో పెట్టుకో.

నువ్వు అడగలేదు కానీ నాకు చదవగానే తట్టింది ఇంకోటి ఉంది. రాత్రి క్యాప్సూల్ వేసుకున్నాక కడుపులో మంట, ముఖం ఎర్రబడి వేడెక్కడం ఎక్కువైంది, "ఈ మందు కూడా పడట్లేదేమో" అన్నావు కదా. డైమిథైల్ ఫ్యూమరేట్‌తో ఎర్రబడటం, కడుపు గడబిడ మామూలుగానే ఉంటాయి, సాధారణంగా మొదటి ఒకటి రెండు నెలల్లో ఎక్కువ. నువ్వు మొదలుపెట్టి రెండేళ్లు దాటింది, ఇప్పుడు పెరగడం ఏమిటి? ఆ మందు వేసుకున్న గంట లోపల 30 శాతం దాటిన ఘాటైన మద్యం ఎక్కువగా తీసుకోవద్దని యూరప్‌లో మందు కాగితంలోనే రాసి ఉంటుంది, కడుపు బాధలు పెరుగుతాయని. నీది 42.8, భోజనం దగ్గరే క్యాప్సూల్, భోజనం దగ్గరే పెగ్గు. నిన్ను కాపాడుతున్న మందు మీద నింద పడుతోంది, అసలు కారకుడు పక్కనే గ్లాసులో ఉన్నాడు.

ఈ నింద విషయంలోనే నేను చేసిన తప్పు చెబుతాను. 2014లో నాకు ఎంఎస్ కోసం ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్లు నడుస్తున్నాయి. మూడు నెలలకోసారి చేసే లివర్ పరీక్షలో ఎంజైమ్‌లు బాగా పెరిగాయి. ఇంటర్‌ఫెరాన్‌తో అలా పెరగడం తెలిసిన విషయమే, మా డాక్టర్ "మద్యం అలవాటు ఉందా?" అని అడిగారు. పక్కన మా నాన్నగారు కూర్చున్నారు. "ఎప్పుడో ఫంక్షన్లలో సార్" అన్నాను. ఆ రిపోర్టులో జీజీటీ (తాగుడుతో పెరిగే లివర్ ఎంజైమ్) కూడా పెరిగి ఉంది, దాని అర్థం నాకు తెలుసు, అయినా నోరు తెరవలేదు. డాక్టర్ తన దగ్గరున్న సమాచారంతో సరైన పనే చేశారు, ఇంజక్షన్ ఆపేశారు. ఐదు నెలలు ఏ మందూ లేకుండా ఉన్నాను. ఆ ఐదో నెలలో నడుము కింద నుంచి ఎడమ కాలు మొద్దుబారిపోయే రిలాప్స్ (జబ్బు మళ్లీ ఒక్కసారిగా విజృంభించడం) వచ్చింది, మూడు రోజులు స్టెరాయిడ్ సెలైన్ పెట్టించుకున్నా ఆ కాలు పూర్తిగా వెనక్కి రాలేదు. మందు ఆపకపోయి ఉంటే వచ్చేది కాదా అంటే ఎవరూ ఖాయంగా చెప్పలేరు. నేను చెప్పగలిగింది ఒకటే, నేను నిజం చెప్పి ఉంటే ఆపాల్సింది పెగ్గుని, ఇంజక్షన్‌ని కాదు. ఆ రోజు బయటికి వచ్చాక ఒక్క నిమిషం వెనక్కి వెళ్లి "సార్, మీతో ఒంటరిగా మాట్లాడాలి" అంటే సరిపోయేది. నువ్వు ఆ మాట అను. నీ డైమిథైల్ ఫ్యూమరేట్‌కి కూడా లివర్ పరీక్షలు చేస్తారు కదా, టెరిఫ్లునమైడ్ లాంటి ఇంకో ఎంఎస్ మందుకి మారిస్తే లివర్ గురించి ఇంకా గట్టిగా చూస్తారు. తప్పుడు లెక్క మీద ఎవరూ సరైన నిర్ణయం తీసుకోలేరు.

ఇంకొకటి నాకు ఎప్పుడూ మనసులో మెదిలే భయం. ఇది తాగకుండానే తాగినవాడిలా నడిపించే జబ్బు. 1868లో ఫ్రాన్స్‌లో షార్కో ఈ జబ్బుని వివరంగా రాసినప్పుడు చెప్పిన మూడు లక్షణాలు తెలుసా, కనుగుడ్లు ఊగడం, చెయ్యి చాచినప్పుడు వణకడం, మాట ముక్కలు ముక్కలుగా తడబడటం. బయటివాడికి ఇవి మూడూ తాగుడు గుర్తులే. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆటో అతను "తాగి ఎక్కకండి సార్" అని నన్ను దింపేశాడు, ఆ రోజు నేను మజ్జిగ తప్ప ఏమీ తాగలేదు. అది అవమానం, సర్దుకుపోవచ్చు. కానీ ఒక రాత్రి నీకు నిజంగానే రిలాప్స్ వచ్చి మాట తడబడి, నడక తూలి, హాస్పిటల్ ఎమర్జెన్సీకి వెళ్తే, నోట్లోంచి విస్కీ వాసన వస్తుంటే ఏమవుతుంది? తెల్లారేదాకా పడుకోబెట్టి పంపేస్తారు. అక్కడి డ్యూటీ డాక్టర్ది తప్పని కూడా అనలేం. అసలు నీకే తెలియదు, మొదటి గంటలు "ఇవాళ కొంచెం ఎక్కువైంది" అనుకుంటావు. ఏళ్ల తరబడి తాగితే విటమిన్ బీ1 తగ్గి, నడకను, నిలకడను అదుపు చేసే చిన్న మెదడు దెబ్బతిని, పాదాల నరాలు పాడై వచ్చే లక్షణాలు కూడా ఎంఎస్ లక్షణాలనే పోలి ఉంటాయి. ఏది దేనివల్లో విడదీయడం పెద్ద డాక్టర్లకే కష్టం.

చెయ్యి వణుకు కూడా తగ్గుతుందని ఒకరు నాతో అన్నారు. ఎసెన్షియల్ ట్రెమర్ అని వేరే వణుకు ఉంది, అది చాలామందికి కొంచెం ఆల్కహాల్‌తో తగ్గుతుంది, ఆ కబురు అక్కడినుంచి పాకింది. మనది ఎక్కువగా చిన్న మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే వణుకు, ఆల్కహాల్ మత్తెక్కించేది ఆ చిన్న మెదడునే. దాని జోలికి పోవద్దు.

నీ ఫ్రెండ్ పంపిన "రెడ్ వైన్ ఎంఎస్‌కి మంచిది" అన్న వార్త గురించి. పూర్తిగా గాలి కబురు కాదు. 2014లో స్వీడన్ నుంచి వచ్చిన ఒక పెద్ద పరిశీలనలో మద్యం తీసుకునేవాళ్లలో ఎంఎస్ వచ్చే అవకాశం తక్కువ ఉన్నట్టు కనిపించింది. అది రావడం గురించి, వచ్చినవాడికి వైద్యం గురించి కాదు. 2017లో అమెరికా నుంచి వచ్చిన దానిలో రెడ్ వైన్ తాగేవాళ్లకు వైకల్యం తక్కువ కనిపించింది, కానీ అదే అధ్యయనంలో వాళ్ల ఎంఆర్ఐలో మచ్చల పరిమాణం ఎక్కువ పెరిగింది. ఈ రెండో ముక్కని వార్త రాసినవాళ్లు వదిలేస్తారు. పైగా ఆలోచించు, జబ్బు ముదిరి, నాలుగైదు రకాల మందులు పడి, మూత్రం ఆగక ఇబ్బంది పడే మనిషి ముందుగా మానేసేది తాగుడే. అప్పుడు లెక్క తీస్తే తాగేవాళ్లందరూ ఆరోగ్యంగానే కనిపిస్తారు. తాగడం వల్ల బాగున్నారా, బాగున్నారు కాబట్టి తాగగలుగుతున్నారా?

బీరు తేలిక అనుకుని మారదామంటే, 650 ఎంఎల్ స్ట్రాంగ్ బీరు 8 శాతం దాకా ఉంటుంది, అంటే ఒక్క సీసాలో 40 గ్రాములు, నీ రెండు లార్జ్‌లూ అక్కడే ఉన్నాయి. ఊరికి వెళ్లినప్పుడు కల్లు తాగితే కాళ్లు ఇంకా బాగా వదులయ్యాయి అని రాశావే, అది చదివి నాకు టెన్షన్ వచ్చింది. చెట్టు నుంచి దించిన కల్లు అంత పని చేయదు. కల్తీ కల్లులో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారని తెలంగాణలో ఎన్నో కేసుల్లో బయటపడింది. డైజిపామ్ అసలు స్పాస్టిసిటీకి వాడే మందే. అంటే అది నీ కాళ్లకు పనిచేసింది, కాకపోతే ఎన్ని మిల్లీగ్రాములు కలిపారో కలిపినవాడికే తెలియదు. రోజూ అలాంటిది తాగి ఒక్కసారిగా మానేసినవాళ్లు ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో హాస్పిటళ్లలో చేరతారు. అది మాత్రం ఇవాళే వదిలెయ్.

ఇక మానడం ఎలా. నీది రోజూ 40 గ్రాములు, ఆరు నెలలు. రోజుకు ఒక క్వార్టర్ దాటినా, పొద్దున్నే తాగాలనిపిస్తున్నా, తాగని రోజు చేతులు వణికి చెమటలు పడుతున్నా ఒంటరిగా ఆపకూడదు. ఆపిన 6 గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు, రెండో మూడో రోజుల్లో మతి భ్రమించే దాకా వెళ్లొచ్చు. అలాంటివేమీ లేకపోతే నీ డాక్టర్‌కి చెప్పి, స్పాస్టిసిటీ మందు ఎప్పుడు మొదలుపెట్టాలి, పెగ్గు ఎలా తగ్గించాలి అన్నది కలిపి ప్లాన్ చేయించుకో. ఇవి రెండూ ఒకదాని వెనక ఒకటి సరిగ్గా అమరాలి. కాళ్లకు వేరే దారి చూపించకుండా పెగ్గు ఒక్కదాన్నే మానేస్తే నాలుగో రోజు రాత్రి మళ్లీ సీసా తీస్తావు. నేను తీశాను, మూడుసార్లు. నాలుగోసారి నిలబడ్డానంటే మనసు గట్టిపడి కాదు, అప్పటికి నా కాళ్లకు సరైన డోసు దొరికింది.

అపాయింట్‌మెంట్ దాకా రాత్రులు గడవడానికి నాకు పనికొచ్చినవి చెబుతాను. పడుకునే ముందు మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, పాదం కింద తువ్వాలు వేసి రెండు కొసలూ పట్టుకుని మెల్లగా నీవైపు లాగు, పిక్క సాగుతున్నట్టు తెలిశాక నిమిషం దాకా అలాగే పట్టి ఉంచు, ఒక్కో కాలికి నాలుగైదు సార్లు. జెర్క్ ఇచ్చి లాగొద్దు, గుంజితే స్పాజమ్ వస్తుంది. బాగా వేడి నీళ్ల స్నానం చేయొద్దు, ఒంటి వేడి పెరిగితే మనకు లక్షణాలు పెరుగుతాయి, వ్యాయామం చేశాక చూపు మసకబారడాన్ని ఉటాఫ్ అనే జర్మన్ కంటి డాక్టర్ 1890లోనే గమనించాడు, దానికి కారణం ఒంటి వేడి అని తర్వాత తేలింది. మీ ఖమ్మం ఎండల్లో అయితే పగలు నీళ్లు బాగా తాగి, సాయంత్రం ఏడు దాటాక తగ్గించు. మూత్ర పరీక్ష ఒకటి చేయించు, మంట లేకపోయినా సరే, ఇన్‌ఫెక్షన్ లోపల ఉంటే స్పాజమ్స్ ఒక్కసారిగా పెరుగుతాయి. మలబద్ధకం ఉన్నా అంతే, సిగ్గుపడి దాచుకోవద్దు. బాత్‌రూమ్ దారిలో రాత్రంతా చిన్న బల్బు వెలగనివ్వు, గోడకు పట్టుకునే రాడ్ వేయించు. స్టెరాయిడ్లు పడ్డ మన ఎముకలకు, దాని మీద ఆల్కహాల్ కూడా తోడైతే, విరగడానికి పెద్ద దెబ్బ అక్కర్లేదు.

పాదం మంట స్పాస్టిసిటీ కాదు, అది నరాల నొప్పి, దాని మందులు వేరు. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డులాక్సిటిన్ ఇలా చాలా ఉన్నాయి. డులాక్సిటిన్ రాయబోతే తాగుడు సంగతి తప్పకుండా చెప్పాలి, రోజూ ఎక్కువగా తాగేవాళ్లకు ఆ మందు లివర్‌ని దెబ్బతీయవచ్చు. బీ12 కూడా ఒకసారి చూపించుకో.

ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఆ పెగ్గు పూర్తిగా కాళ్ల కోసమేనా? నీ వయసులో నాకు రాత్రి కాళ్లు బిగుసుకుంటే నొప్పి కన్నా ఎక్కువగా "రేపు వీల్‌చైరేనా" అన్న ఆలోచన తినేసేది. మొదటి పెగ్గుకి కాళ్లు వదులయ్యేవి, రెండోది ఆ ఆలోచన కోసం. ఎంఎస్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. అది జబ్బులో భాగమే, మన బలహీనత కాదు, దానికి వైద్యం ఉంది. ఆల్కహాల్ డిప్రెషన్‌ని పెంచుతుంది. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే మీ ఆవిడకు చెప్పు. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. మద్యం మానడానికి సాయం కావాలంటే 14446. ఎంఎస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి ఉంది, వాళ్ల ద్వారా మనలాంటివాళ్లతో మాట్లాడటం నాకు పెద్ద ఊరట. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ పేరు ఉంది, ఆఫీసులో వర్క్ ఫ్రమ్ హోమ్ అడగడానికి ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది, అర్హత ఉంటే తీసుకో. రాత్రి భయాల్లో సగం ఉద్యోగం గురించే కదా.

ఇంక జీవితంలో చుక్క ముట్టకూడదా అని అడుగుతావు. ఎంఎస్ ఉన్న ప్రతివాడూ పూర్తిగా మానాలని రూలేమీ లేదు. అన్నయ్య పెళ్లిలో ఒక గ్లాసు తీసుకున్న మనిషిని నేను తప్పు పట్టను, మత్తు మందులు వేసుకోని రోజైతే, స్టెరాయిడ్లు నడవని రోజైతే, పక్కన పట్టుకుని నడిపించే మనిషి ఉంటే, బండి తాళం జేబులో లేకపోతే. నీ విషయంలో మాత్రం, అది కాళ్ల మందుగా మారిపోయింది కాబట్టి, కనీసం కొన్ని నెలలు పూర్తిగా ఆపి చూడమంటాను. అప్పుడే నీ అసలు కాళ్లు ఎలా ఉన్నాయో నీకూ డాక్టర్‌కీ తెలుస్తుంది.

వచ్చే బుధవారం అపాయింట్‌మెంట్ అన్నావు. మీ ఆవిడను తీసుకెళ్లు, ఆమె ముందు చెప్పడం కష్టమైతే మొదటి ఐదు నిమిషాలు ఒక్కడివే వెళ్లు. నోటమాట రాకపోతే కాగితం మీద రాసి ఇచ్చెయ్, నేను చివరికి అలాగే చేశాను. ఇలా రాయి: "సార్, రాత్రిళ్లు కాళ్లు బిగుసుకుని నిద్ర పట్టట్లేదు. బాక్లోఫెన్ మత్తుగా ఉందని ఆపేశాను. ఆరు నెలలుగా రోజూ రాత్రి 120 ఎంఎల్ విస్కీ తాగుతున్నాను. ఒకసారి పడిపోయాను. మానాలనుకుంటున్నాను, దానికి ముందు కాళ్లకు ఏదైనా చూడండి." దాని కింద నువ్వు వేసుకునే మందులన్నీ, షాపులో సొంతంగా కొన్నవి కూడా, టైములతో సహా రాయి. ఈ వారం రోజులు పొద్దున్నే లేవగానే ముందు రాత్రి ఎన్నిసార్లు లేచావో, కాళ్లు ఏ టైముకి బిగుసుకున్నాయో ఫోన్‌లో రాసి పెట్టుకో, అది కూడా చూపించు. వాళ్లు ఏ మందు ఎంత డోసులో రాశారో ఇక్కడ పెడితే పెగ్గుతో, నీ మిగతా మందులతో దానికి పొత్తు కుదురుతుందో లేదో నేను చూసి చెబుతాను.